ఆ రైలు వదిలేశాం!

కారా... రైలా?

ఫ్రాన్స్ పల్లెల్లో రాజుల కోటలు చూద్దామనుకునే ఏ ఇంట్లోనైనా మొదటి పేచీ ఇదే. మా ఇంట్లోనూ అంతే. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క ‘రైల్లో వెళ్లండిరా, హాయిగా ఉంటుంది’ అని చెప్పింది. నేను వింటేగా! మూడు రోజులు, తొమ్మిది కోటలు... హైదరాబాద్‌లో ఉండగానే కాగితం మీద లెక్క వేసేసుకున్నాను. ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకున్నాను. అద్దె కారుకి ఇంటర్నెట్‌లో డబ్బు కూడా కట్టేశాను.

ఇదంతా అమ్మ కోసం. నాన్న కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. చివరి ఐదు నెలలూ ఆసుపత్రి మంచం మీదే గడిచాయి. ఆయన పోయాక ఏడాది పాటు అమ్మ ఎక్కడికీ కదల్లేదు. అక్క పోరగా పోరగా పారిస్ రావడానికి ఒప్పుకుంది. ‘నాలుగు చోట్లకు తిప్పి తీసుకురా’ అని నాకు అప్పగించింది అక్క. తిప్పడమంటే ఎక్కువ చోట్లకు తిప్పడమేనని నా లెక్క.

కోట అంటే కోట కాదు!

లువార్... ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పొడవైన నది. ఆ నదీ దాని ఉపనదులూ పారే లోయలో ఊరికొకటి అన్నట్టుగా ఉంటాయి కోటలు. సుల్లీ నుంచి షాలోన్ దాకా ఉన్న ప్రాంతాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఫ్రెంచివాళ్లు వీటిని ‘షాతో’ అంటారు. మన గోల్కొండలాగా బురుజులూ ఫిరంగులూ ఊహించుకుని వెళ్తే ఆశ్చర్యపోతాం. ఇక్కడివి చాలావరకు యుద్ధాల కోసం కాదు... వేట కోసం, విందుల కోసం, గొప్ప కోసం కట్టుకున్న మేడలు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఫ్రెంచి రాజులు పారిస్‌లో కంటే ఈ లోయలోనే ఎక్కువగా గడిపేవారు. రాజు ఎక్కడుంటే మంత్రులూ అక్కడే కదా! వాళ్లూ తలా ఒకటి కట్టేసుకున్నారు.

పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ ఎక్కితే గంటంపావులో టూర్స్ నగరం. కొన్ని రైళ్లు ఊళ్లోకి రావు. పక్కనే ఉన్న సాన్ పియేర్ దె కోర్‌లో దిగి, చిన్న రైలు మారాలి. అయిదు నిమిషాలే. కోటలు చూడ్డానికి ఇక్కడ మకాం పెట్టుకోవడం తేలిక.

మేమూ అక్కడే దిగాం. నేరుగా కార్ల కౌంటరుకు వెళ్లాం. లైసెన్సు చూశారు. పర్మిట్ చూశారు. ‘క్రెడిట్ కార్డు?’ అన్నారు. బావ ఇచ్చిన కార్డు తీసి పెట్టాను. పేరు చూసి తల అడ్డంగా ఊపేశారు. కారు ఎవరు నడుపుతారో వాళ్ల పేరు మీదే కార్డు ఉండాలట. డిపాజిట్ దాని మీదే పట్టుకుంటారట. నా దగ్గరున్నది డెబిట్ కార్డు. అది పనికిరాదట. బుకింగ్ చేసేటప్పుడు చదవకుండా టిక్కు పెట్టిన నిబంధనల్లో ఆ ముక్క స్పష్టంగా ఉంది. కట్టిన డబ్బు? తిరిగి రాదు.

నా మొహం చూసి అమ్మ నవ్వింది. ఏడాది తర్వాత అనుకుంటా, ఆమె అలా నవ్వడం.

‘బండి లేకపోతే ఏమాయెరా? గిక్కడ రైలు ఉన్నది గదా!’

నది మీద ఇల్లు

టూర్స్ నుంచి షెనోన్సోకు ప్రాంతీయ రైల్లో అరగంట. ద్రాక్షతోటలు, చెట్లు, పెంకుటిళ్లు... చిన్న స్టేషన్‌లో దిగాం. పోర్టర్లు లేరు, టీ కొట్టు లేదు. ప్లాట్‌ఫాం దిగి నాలుగడుగులు వేస్తే కోట గేటు! మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఇంతకంటే ఏం కావాలి?

పెద్ద పెద్ద చెట్ల నీడలో నడిచి వెళ్తే... ఎదురుగా షేర్ నది మీద తెల్లటి మేడ. ఒడ్డున కాదు, నది మీదే. దీనికి ‘ఆడవాళ్ల కోట’ అని పేరు. 1513 నుంచి దీన్ని దగ్గరుండి కట్టించింది కాథరిన్ బ్రిసోనె. భర్త యుద్ధాల్లో తిరుగుతుంటే పని అంతా ఆమే చూసుకుంది. 1547లో రాజు రెండో హెన్రీ దీన్ని తన ప్రియురాలు డియాన్ ద పువాతియేకు ఇచ్చేశాడు. ఆమె ఆయనకంటే దాదాపు ఇరవై ఏళ్లు పెద్ద! నది మీద వంతెన కట్టించింది ఆమే. 1559లో బల్లెం పోటీలో గాయపడి హెన్రీ చనిపోయాడు. అంతే... రాణి కేథరిన్ ద మెదిచి ఆమెను ఇక్కణ్నుంచి కదిలించి, బదులుగా షోమోన్ కోట అంటగట్టింది. కేథరిన్ వంతెన మీద తన పేరు నిలిచేలా పెద్ద హాలు కట్టించింది. అరవై మీటర్ల పొడవు. రెండు వైపులా కిటికీలు, కింద నీళ్లు.

రాణుల గొడవ అమ్మకు భలే నచ్చింది. ‘మన సీరియళ్ల లెక్కనే ఉన్నది’ అంది. వంటింట్లో రాగి గిన్నెలు చూసి ‘గివన్ని ఎవరు తోమేటోళ్లురా?’ అని అడిగింది. వంటకు కావలసిన సరుకులు పడవల్లో నేరుగా వంటింటి కిందికే వచ్చేవని చెబితే గుమ్మంలోంచి తొంగి చూసింది.

హాల్లోకి వచ్చాక ఆ మాటలన్నీ ఆగిపోయాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ హాలు ఆసుపత్రి. చాక్లెట్ల వ్యాపారం చేసే మెనియె కుటుంబం 1913లో కోటను కొంది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. వాళ్లు తమ ఖర్చుతో ఇక్కడ మంచాలు వేయించారు. ఆ ఇంటి కోడలు సిమోన్ నర్సుగా మారి అన్నీ తనే చూసుకుంది. యుద్ధం ముగిసేలోగా రెండు వేల మందికి పైగా గాయపడిన సైనికులకు ఇక్కడ వైద్యం జరిగింది. మంచం దిగలేనివాళ్లు కిటికీలోంచి నదిలోకి గాలం వేసి చేపలు పట్టేవారని చెబుతారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మరో కథ. 1940లో జర్మనీ ఆక్రమించిన భాగానికీ, ఆక్రమించని భాగానికీ షేర్ నదే సరిహద్దు. కోట ముందు గుమ్మం ఒక వైపు, ఈ హాలు చివరి తలుపు మరో వైపు! ప్రాణాలు అరచేత పట్టుకుని ఎంతోమంది ఇదే నేల మీద నడిచి ఆ తలుపు దాటారు.

చదివి చెబుతుంటే అమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

‘మంచాలు కిటికీల పక్కకే ఏసేటోళ్లా?’

‘అయ్యుంటుందమ్మా.’

‘మీ నాయిన మంచం పక్కన కిటికీ లేకుండె. రైళ్ల కూత ఇనవడ్తలేదని రోజూ అడిగేటోడు.’

ఆసుపత్రి గురించి అమ్మ మాట్లాడటం అదే మొదటిసారి. అంతకుముందు ఎన్నిసార్లు కదిపినా మాట దాటేసేది. నేను వాచీ చూసుకున్నాను. మా తిరుగు రైలుకు ఇరవై నిమిషాలే ఉంది. ఈ చిన్న లైన్లో రోజుకు కొద్ది రైళ్లే. అది పోతే మళ్లీ రెండు గంటలకు పైగా ఆగాలి. సాయంత్రం అంబువాజ్ చూడాలని నా లెక్క. లియొనార్డో డావిన్సీ చివరి మూడేళ్లూ గడిపిన ఊరు అది. 1519లో అక్కడే కన్నుమూశాడు. సమాధి ఆ కోట ప్రార్థనా మందిరంలో ఉంది.

‘పోదామా?’ అన్నాను.

‘గీ రైలు పోనియ్‌రా’ అంది అమ్మ.

గార్డుగారి భార్య అన్న మాట అది! మా చిన్నప్పుడు రైలు టైముకు గంట ముందే మమ్మల్ని ప్లాట్‌ఫాం మీద కూర్చోబెట్టేది. రైలు వెళ్లిపోయింది. మేం అక్కడే ఉన్నాం. అయిదు నెలల సంగతులూ కిటికీలోంచి నదిని చూస్తూనే చెప్పింది. అంబువాజ్ మేం చూడలేదు.

మెట్ల మీద దాగుడుమూతలు

రెండోరోజు టూర్స్ నుంచి బ్లువా వెళ్లాం. రైల్లో నలభై నిమిషాల లోపే. ఊరి మధ్యలోనే కోట. 1588 డిసెంబరులో రాజు మూడో హెన్రీ తన ప్రత్యర్థి గీజ్ డ్యూక్‌ను పిలిపించి చంపించింది ఇక్కడే. స్టేషన్ దగ్గర్నుంచి వసంతం మొదలుకుని శరదృతువు దాకా షాంబోర్, షెవెర్నీ కోటలకు బస్సు నడుస్తుంది. మేం షాంబోర్ దాకా వెళ్లాం.

షాంబోర్ అంటే... అబ్బో! రాజు మొదటి ఫ్రాన్స్వా 1519లో మొదలుపెట్టించిన వేట మేడ. నాలుగు వందలకు పైగా గదులు, 282 పొయ్యిలు. చుట్టూ అడవి, దానికి 32 కిలోమీటర్ల ప్రహరీ. ఇంతా చేసి ఆ రాజు ఇక్కడ గడిపింది తన పాలనలో మొత్తం కలిపి రెండున్నర నెలలు కూడా కాదు. 1939లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని మోనాలిసాను ముందుగా తరలించింది ఈ కోటకే.

నడిమధ్యన జంట మెట్లదారి ఉంది. ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుంటూ పైకి వెళ్తాయి. ఒక దారిలో ఎక్కేవాళ్లు మరో దారిలో దిగేవాళ్లకు కనబడతారు గానీ ఎదురుపడరు! ఈ ఆలోచన లియొనార్డోదేనని చాలామంది నమ్మకం. ‘నువ్వు అట్ల రా, నేను ఇట్ల వస్త’ అని అమ్మ మోకాళ్ల మీద చెయ్యి వేసుకుంటూనే మొదటి అంతస్తు దాకా ఎక్కింది.

కారూ దొరికింది!

మూడోరోజు శనివారం. బావా అక్కా వచ్చారు. కార్డూ, లైసెన్సూ, స్టీరింగూ... మూడూ బావవే. టూర్స్‌కు పడమట విలాంద్రి, అజే ల రిదో, ఉస్సే కోటలు. మూడూ చుట్టి వచ్చినా వంద కిలోమీటర్లు దాటదు.

కారు సుఖం కారుదే. కాదనలేం. విలాంద్రి ఊళ్లోకి రైలు రాదు. అక్కడి తోట చూడకపోతే ఎంత నష్టమో! స్పెయిన్ నుంచి వచ్చిన జోకిం కర్వాయో 1906లో కోట కొని, పాత కాలపు పద్ధతిలో తోటలన్నీ మళ్లీ వేయించాడు. తొమ్మిది చదరాల్లో కూరగాయల మడులు. ఎర్ర క్యాబేజీ ఒక వరస, ఆకుకూర ఒక వరస. పైనుంచి చూసి అమ్మ ‘సంక్రాంతి ముగ్గు తీర్గ ఉన్నది!’ అంది. అజే కోట ఇంద్ర్ నది నీళ్లలో నీడ చూసుకుంటూ ఉంటుంది. ఉస్సేను ‘నిద్రపోయే అందగత్తె’ కథతో ముడిపెట్టి చెబుతారు.

మూడూ చూసేశాం. రాత్రి ఫొటోలు చూస్తుంటే నీళ్లలో నీడ విలాంద్రిదా, అజేదా అని నలుగురం వాదించుకున్నాం!

మీరూ వెళ్తారా?

రైల్లో అయితే: షెనోన్సో, అంబువాజ్, బ్లువా, లాంజే... ఈ నాలుగూ స్టేషన్ నుంచి నడిచి చూడొచ్చు. టీజీవీ టికెట్ ముందే కొంటే చవక. ప్రాంతీయ రైళ్ల టికెట్లకు తొందర లేదు. కానీ తిరుగు రైలు వేళ ముందే రాసుకోండి. ఆదివారాలు, సెలవు రోజుల్లో రైళ్లు తగ్గుతాయి.

కారులో అయితే: ఇంటర్నేషనల్ పర్మిట్‌తో పాటు మన లైసెన్సూ వెంట ఉండాలి. క్రెడిట్ కార్డు డ్రైవర్ పేరు మీదే ఉండాలి. గేర్లు లేని బండి కావాలంటే ముందే చెప్పాలి. బండి కుడివైపున నడపాలి. బోర్డు లేని కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. పల్లె రోడ్ల మీద చాలాచోట్ల గంటకు 80 కిలోమీటర్లే. ‘గాజోల్’ అంటే డీజిల్, ‘సాన్ ప్లాం’ అంటే పెట్రోల్. తికమక పడితే ఇంజిన్ పోతుంది. చిన్న ఊళ్లలో కార్ల కౌంటర్లు మధ్యాహ్న భోజనానికి మూసేస్తారు. ఆదివారం అసలు తెరవకపోవచ్చు.

పిల్లలతో, సామానుతో నలుగురైదుగురు వెళ్తే కారు నయం. పెద్దవాళ్లతో ఇద్దరే అయితే రైలే. రోజుకు ఒకటి, మహా అయితే రెండు కోటలు. అంతకుమించి లెక్క వేసుకోవద్దు.

కాజీపేట తిరిగొచ్చాక పక్కింటి పిన్ని అడిగింది... ‘ఎన్ని కోటలు చూసినవ్ అక్కా?’ అని.

‘ఒక్కటి చూసిన’ అంది అమ్మ. ‘మిగతయి మావోడు చూసిండు.’