తూరు షెకెలు కొనేముందు ఒక్క ప్రశ్న

యెరూషలేము యాత్రకు వెళ్లివస్తున్న విశ్వాసులు కొందరు బైబిలు కాలపు నాణెమని ఒకటి కొని తెస్తున్నారు. ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకునేవారూ ఉన్నారు. అలా కోరుకునేవాటిలో తూరు షెకెలు ఒకటి.

తూరు, సీదోను పట్టణాలున్న ఫేనీకే తీరం నేటి లెబనాన్. అక్కడ క్రీ.పూ. 126 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు శతాబ్దాలు ఈ వెండి నాణెం చెలామణి అయింది. బరువు సుమారు 14 గ్రాములు. దానిపై మెల్కర్తు అనే అన్యదేవత ముఖం ఉన్నా, వెండి మేలిమిది కాబట్టి దేవాలయపు పన్నుకు దాన్నే తీసుకునేవారు. చేప నోట దొరికిన షెకెలు (మత్తయి 17:27), యూదా అందుకున్న ముప్పది నాణెములు ఈ రకమేనని చాలామంది పండితుల అభిప్రాయం. అందుకే దాన్ని చేతిలో పట్టుకోవాలన్న ఆశ సహజమే.

అయితే ఆ నాణెం ఏ నేలలోనుండి, ఎవరి చేతుల మీదుగా వచ్చింది? 2024 అక్టోబరులో తూరు పట్టణంపై ఇశ్రాయేలు వైమానిక దాడులు జరిగాయి. మరుసటి నెలలో యునెస్కో లెబనాన్‌లోని 34 వారసత్వ స్థలాలకు ప్రత్యేక రక్షణ ప్రకటించింది. పక్కనున్న సిరియాలోనూ, ఇరాక్‌లోనూ ఉగ్రవాద ముఠాలు పురాతన వస్తువులు అమ్మి సొమ్ము చేసుకున్నందున, ఆ దేశాలనుండి దొంగతనంగా తెచ్చినవాటి వ్యాపారాన్ని 2015 ఫిబ్రవరిలో భద్రతా మండలి నిషేధించింది. యుద్ధమున్న చోట కాపలా సడలుతుంది. జేబులో పట్టే నాణెం సులభంగా సరిహద్దు దాటుతుంది.

ఇది మన కోవూరుకు దూరపు మాట కాదు. 1780లలో, పెన్నకు ఆవలి నెల్లూరు సమీపంలో ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. చిన్న గుడి శిథిలాల కింద కుండలో రోమా బంగారు నాణేలు దొరికాయి. అతడు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయి ఉంటాయని, ముప్పైకి పైగా మాత్రం నవాబు అమీరుల్ ఉమరా సంపాదించగలిగాడని మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ లేఖలో రాశారు. కరిగినవాటితో పాటు మన తీరపు చరిత్ర కొంత కరిగిపోయింది.

1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. ఇశ్రాయేలులోనూ పురాతన నాణేలు అమ్మడానికి లైసెన్సు, దేశం దాటించడానికి అనుమతి ఉండాలి. కాబట్టి కాగితం చూపలేని నాణెం కొనవద్దని సంఘాలకు మనవి చేస్తున్నాము. సండే స్కూలు పిల్లలకు చూపడానికి నమూనా చాలు.

ప్రధానయాజకులు సైతం రక్తక్రయధనాన్ని కానుకపెట్టెలో వేయడానికి వెనుకాడారు (మత్తయి 27:6). కానీ వారికి ఆ సందేహం వచ్చింది సొమ్ము ఇచ్చిన తరువాత. మనకు అది ముందే రావాలి.

తూరు మనకు జ్ఞాపకం రావలసింది వెండివల్ల మాత్రమే కాదు. అక్కడి శిష్యులు భార్యాపిల్లలతో సముద్రతీరాన మోకాళ్లూని పౌలుతో కలిసి ప్రార్థించారు (అపొ. కా. 21:5). ఆ పట్టణంలో నేటికీ క్రైస్తవులున్నారు. ఈ ఆదివారం వారికోసం ప్రార్థిద్దాము.