హెల్మెట్ కిందా ఒళ్లుంది

వేసవి వస్తే మన ఊళ్లలో స్కూటీ నడిపే ఆడపిల్లలు మోచేతులు దాటేలా గుడ్డ గ్లౌజులు తొడిగి, ముఖానికి చున్నీ చుట్టుకుంటారు. 42 డిగ్రీల ఎండలో అంత ఉక్క ఎందుకని ఎవరూ అడగరు. రైడింగ్ జాకెట్ వేసుకోమంటే మాత్రం "ఈ ఎండల్లోనా మేడమ్?" అంటారు. గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ రోజూ మంగళగిరి నుంచి స్కూటరు మీద వచ్చే నాకు ఈ మాట అలవాటే. చర్మం నల్లబడుతుందని కప్పుకోగలిగినవాళ్లం, చర్మం లేచిపోకుండానూ కప్పుకోగలం.

మన దగ్గర బండి భద్రత అంటే హెల్మెట్, అంతే. హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో 2022లో దేశంలో 50,029 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. కాబట్టి తల సంగతి ముందు చూసుకోవాల్సిందే. కానీ తల దక్కించుకుని బతికినవాళ్లు వచ్చేది నా దగ్గరికి. అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి, మోకాలు, చీలమండ: దెబ్బలు ఎక్కువగా ఈ చోట్లే.

పడేటప్పుడు ఎవరూ ఆలోచించరు, చెయ్యి దానంతటదే ముందుకు చాపుకుంటుంది. ఒంటి బరువంతా అరచేతి అడుగున పడుతుంది. మణికట్టులో బొటనవేలి వైపు జీడిపప్పంత ఎముక ఒకటుంది, స్కేఫాయిడ్ అంటాం. దానికి రక్తం అందే దారే సన్నం. విరిగితే అతుక్కోవడానికి నెలలు పడుతుంది, కొందరికి అసలు అతుక్కోదు. ఇక అరచేతి చర్మం. అది లేచిపోతే తొడ నుంచి తీసి వేసిన చర్మానికి ఆ మందం, ఆ పట్టు, ఆ స్పర్శ రావు. గరిట తిప్పేవాళ్లకైనా, స్పానర్ పట్టేవాళ్లకైనా, బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లకైనా అరచెయ్యే బతుకుతెరువు. అందుకే హెల్మెట్ తర్వాత మొదట కొనమని నేను చెప్పేది గ్లౌజులు.

ఎండకు వేసుకునే గుడ్డ గ్లౌజులు ఇందుకు పనికిరావు. తారు మీద ఒక్క ఈడ్పుకే చిరిగిపోతాయి, పైగా యాక్సిలరేటర్ మీద జారతాయి. అరచేతి అడుగున గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్నవి చూడండి. చెయ్యి నేలకు తగిలినప్పుడు పట్టేయకుండా జారనిచ్చేది అదే. మణికట్టు దగ్గర పట్టీ బిగించి, వేళ్ల కొసలు పట్టుకుని లాగి చూడండి. ఊడి వస్తే అది మీ సైజు కాదు.

జాకెట్ కొనేటప్పుడు మన కళ్లు రంగు మీదికే పోతాయి. మోచేతి దగ్గర జిప్ తీసి లోపలి ప్యాడ్ బయటికి లాగండి. చాలా చౌక జాకెట్లలో ఉండేది ఉత్త స్పాంజి. అసలైన ప్యాడ్ మీద సీఈ గుర్తు, ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం పేరు, లెవెల్ 1 లేదా 2 అని అచ్చు ఉంటాయి. లెవెల్ 2 దెబ్బ బలాన్ని ఇంకా తక్కువగా లోపలికి పోనిస్తుంది. అద్దం ముందు నిలబడి సరిచూసుకుంటే చాలదు. బండి మీద కూర్చున్నట్టు చేతులు వంచి, ప్యాడ్ మోచేతి మీదే ఉందో పక్కకు తిరిగిందో తడిమి చూడాలి. మన ఎండలకు గాలి ఆడే మెష్ జాకెట్, లేత రంగుది తీసుకోండి. కాళ్లకు చీలమండను కప్పే బూట్లు కావాలి. అక్కడ ఎముకకూ చర్మానికీ మధ్య కండే లేదు, చెప్పులేసుకుని పడితే నేరుగా ఎముకే తేలుతుంది.

చీర కట్టుకుని ఒకవైపు కూర్చునే అమ్మల మాటేమిటి? వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా సగం చక్రాన్నయినా కప్పాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. మనం శారీ గార్డు అనేది దాన్నే. బండి అందం చెడిందని దాన్ని విప్పించే కుర్రాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ సీటు మీద ఎక్కేది వాళ్లమ్మే కదా. చున్నీ వేసుకున్నవాళ్లు బండెక్కే ముందు దాన్ని నడుముకు ముడేసుకోవాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది డెలివరీ కుర్రాళ్ల సంగతి. పొద్దస్తమానం రోడ్డు మీద ఉండేవాళ్లకు కంపెనీలు వేసేది పల్చటి పాలిస్టర్ టీషర్టు. రాపిడి వేడికి ఆ గుడ్డ కరిగి పుండుకు అంటుకుంటుంది. గాయంలో ఇరుక్కున్న ఇసుక సరిగ్గా తీయకపోతే మానాక కూడా నల్లమచ్చలుగా మిగిలిపోతుంది. కొత్త బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 బండి తయారుచేసే కంపెనీలకు చెబుతోంది. ఒక జత గ్లౌజులు కూడా అందులో చేర్చాలి. డెలివరీ కంపెనీలు బ్యాగు, టీషర్టు ఇచ్చిన రోజే ప్యాడ్లున్న మెష్ జాకెట్, గ్లౌజులు, మోకాలి గార్డులు ఇవ్వాలి. వాటి ఖరీదు ఆ కుర్రాళ్ల సంపాదనలోంచి కోయకూడదు.