సీలు వేసిన కవరులో ఏముంది?

బ్యాగులో ఏడు సిఫారసు ఉత్తరాలు. అన్నీ సీలు వేసిన కవర్లే. తెరిచి చూడొద్దని గట్టిగా చెప్పి మరీ ఇచ్చాడు కాలేజీ అధిపతి. వాటిని పట్టుకుని ఓ నల్లజాతి విద్యార్థి అమెరికా దక్షిణాది నుంచి న్యూయార్క్‌లో దిగాడు. కొన్నాళ్లు పనిచేసి, ఫీజు డబ్బు కూడబెట్టుకుని, వెనక్కి వెళ్లి చదువు పూర్తిచేయాలని అతని ఆశ. ఒక్కో ఆఫీసుకూ వెళ్లి కవరు ఇస్తున్నాడు. తీసుకున్నవాళ్లు మర్యాదగానే మాట్లాడుతున్నారు. కబురు చేస్తామంటున్నారు. కబురు మాత్రం రావడం లేదు. చివరికి ఏడో చోట యజమాని కొడుకు మనసొప్పక ఆ ఉత్తరం తీసి చూపించాడు. ఇతణ్ని మళ్లీ కాలేజీలో చేర్చుకునేది లేదు, ఆ సంగతి తెలియనివ్వకుండా ఆశపెట్టి తిప్పుతూ ఉండండి... ఇదీ దాని సారాంశం. రాసింది పరాయివాడు కాదు. ఆ కాలేజీ అధిపతీ నల్లజాతివాడే.

ఇది 1952లో వచ్చిన రాల్ఫ్ ఎలిసన్ నవల ‘ఇన్‌విజిబుల్ మ్యాన్’లోని ఘట్టం. మరుసటి ఏడాది దానికి అమెరికా నేషనల్ బుక్ అవార్డు దక్కింది. ఎలిసన్ కూడా 1936లో టస్కీగీ కాలేజీ నుంచి ఫీజు సంపాదించుకుందామని న్యూయార్క్ వెళ్లినవాడే. డిగ్రీ పూర్తిచేయడానికి మళ్లీ వెనక్కి వెళ్లలేదు. జాబ్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, ‘మీ అప్లికేషన్ అందింది’ అన్న మెయిల్ తర్వాత నెలల తరబడి ఏ కబురూ ఎరగని మన డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు ఈ కుర్రాడు కొత్తవాడేమీ కాదు.

‘కనిపించని మనిషి’ అనగానే చాలామందికి 1897 నాటి హెచ్‌.జి.వెల్స్ నవల గుర్తొస్తుంది. అందులో శాస్త్రవేత్త ప్రయోగం చేసి తన ఒంటినే మాయం చేసుకుంటాడు. ఎలిసన్ కథానాయకుడికి అలాంటిదేమీ జరగలేదు. ఎదురుగానే నిలబడి ఉంటాడు. అయినా ఎవరికీ కనిపించడు. లోపం అతని ఒంట్లో లేదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది. వాళ్లకు కనిపించేది చర్మం రంగు, దాని చుట్టూ తాము అల్లుకున్న ఊహలు. నవల అయిపోయినా అతని అసలు పేరు మనకు తెలియదు.

ఈ బాధ మన సాహిత్యానికి తెలియనిది కాదు. ఎలిసన్ కంటే 11 ఏళ్ల ముందే, 1941లో గుర్రం జాషువా ‘గబ్బిలం’ రాశారు. అంటరానివాడన్న పేరుతో గుడి గడప దాటనివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. గుడి కప్పుకు వేలాడే గబ్బిలానికి లేని అడ్డు మనిషికి ఉంది. ఇంతకంటే ఏం చెప్పాలి?

అవన్నీ పాత రోజులు, ఇప్పుడు టాలెంట్ ఒక్కటే చూస్తారు అనేవాళ్లున్నారు. నిజమెంతో చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు మన దేశంలో ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపించి చూశారు. అర్హతలు ఒక్కటే, తేడా పేర్లలోనే. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అంటే డిగ్రీ చదవకముందే పేరు చదివేశారన్నమాట.

ఇక్కడో చిత్రం ఉంది. పబ్లిక్ పరీక్షల్లో జవాబు పత్రం మీద మన పేరు కనబడకుండా కోడ్ నంబరు వేసి దిద్దిస్తారు. అక్కడ మనిషిని దాచేది రాసింది కనబడాలనే. ఉద్యోగాల దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతోంది. పేరు, ఊరు, యాస ముందు కనబడుతున్నాయి. వాటి చాటున పనితనం దాగిపోతోంది. కాబట్టి మొదటి వడపోతలో పేర్లు పక్కనపెట్టి చూడమని కంపెనీలను అడగడం అత్యాశ కాదు, న్యాయం. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లు ఆ మాట గట్టిగా అడగాలి.

అలాగని ప్రతి తిరస్కారమూ వివక్షే అనుకుంటే మనకే నష్టం. ఎక్కడ ఆగిపోతున్నారో రాసి పెట్టుకోండి. రాత పరీక్షలోనే పోతుంటే సాధన పెంచాలి. రెజ్యూమె దశలోనే పోతుంటే, ఆ రంగంలో పనిచేస్తున్న సీనియర్‌కు చూపించి దిద్దించుకోవాలి. పరీక్షలన్నీ గట్టెక్కి ప్రతిసారీ ముఖాముఖిలోనే ఆగిపోతుంటే ఒకటి రెండు మాక్ ఇంటర్వ్యూలు చేసి చూడండి. లోపం దొరికితే సరిచేసుకోండి. ఎంత వెతికినా దొరకకపోతే, లోపం అవతలి కళ్లలో ఉండొచ్చన్న మాటా మర్చిపోవద్దు. జవాబు రానంత మాత్రాన మీ విలువ తేలిపోయినట్టు కాదు.

ఆ కుర్రాడు చేసిన పొరపాటు ఒక్కటే. తన గురించి ఇంకొకరు రాసింది చదవకుండా ఊరంతా మోశాడు. మనమూ అలాంటి కవర్లు మోస్తుంటాం. ‘తెలుగు మీడియం, ఇంటర్వ్యూలో నోరు పెగలదు’, ‘బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, వీడి వల్ల ఏమవుతుంది’, ‘ఆడపిల్ల, వేరే ఊరు ఎలా పంపిస్తారు’... ఎవరు రాశారు ఇవి? ఎందుకు రాశారు? ఒకసారి విప్పి చూడండి. నిజమైతే సరిదిద్దుకోవచ్చు. అబద్ధమైతే చింపి పారేయొచ్చు.

ఇంకో మాట. కనిపించనివాళ్లం మనమే కాదు, చూడనివాళ్లమూ మనమే. గ్రూప్ డిస్కషన్‌లో ఒకరు తడబడుతూ మంచి పాయింట్ చెబుతారు. ఎవరూ పట్టించుకోరు. రెండు నిమిషాలాగి అదే మాట ఇంకొకరు గడగడా ఇంగ్లిష్‌లో చెబితే అందరూ తలలూపుతారు. అప్పుడు ‘ఆ పాయింట్ ముందు చెప్పింది ఫలానావాళ్లు’ అని ఒక్క మాట అనడానికి ఖర్చేముంది?

నవల చివర్లో కథానాయకుడు మ్యాన్‌హోల్‌లో పడిపోతాడు. చీకట్లో దారి కోసం బ్యాగులోని కాగితాలు ఒక్కొక్కటే వెలిగిస్తాడు. మొదట తగలబెట్టింది హైస్కూల్ డిప్లొమానే. తర్వాత నేలమాళిగలో 1,369 బల్బులు పెట్టుకుని బతుకుతాడు. అంత వెలుగులోనూ తనను చూసేవాళ్లు లేరు. చివరికి పైకి రావాలని నిర్ణయించుకుంటాడు, కనిపించనివాడికీ సమాజంలో చేయాల్సిన పని ఉందని.

మీరూ ఏదో ఒకరోజు బల్లకు అటువైపు కూర్చుంటారు. ముందు దరఖాస్తుల కట్ట ఉంటుంది. ఉత్తరం తీసి చూపించిన ఆ ఏడో ఆఫీసు కుర్రాణ్ని ఆ రోజు గుర్తు చేసుకోండి. పేరు కంటే ముందు పని చూడండి. తీసుకోలేకపోతే, ఆ మాటైనా చెప్పి పంపండి.