సముద్రం లేని ఊళ్లో చేపల పులుసు

"సముద్రం లేని ఊరివాళ్లకు చేపల రుచి ఏం తెలుసు గురూ!"

హైదరాబాద్ హాస్టల్లో మా కాకినాడ మిత్రుడు నన్ను ఏడిపించిన మాట ఇది. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు తోచింది. 'జిందగీ నా మిలేగీ దోబారా' (2011) చూసి స్పెయిన్ కలలు కనే కుర్రకారుకు ఒక సంగతి చెబుతాను. ఆ దేశ రాజధాని మాడ్రిడ్‌కూ సముద్రం లేదు! అయినా బ్రెడ్డు మధ్య వేయించిన స్క్విడ్ ముక్కలు పెట్టి ఇచ్చే తిండికి ఆ ఊరే పేరు. మరి మన కరీంనగర్ ఏం తక్కువ తింది?

మొన్న మిరుగు నాడు ఆ మిత్రుణ్ణే పట్టుకుని లోయర్ మానేరు డ్యాం దగ్గర ఒక చిన్న హోటలుకు తీసుకెళ్లాను. మృగశిర కార్తె మొదటిరోజు పొయ్యి మీద చేప ఉడకకపోతే మా వైపు అది పండగే కాదు. 1985లో పూర్తయిన ఆ డ్యాంలో బొచ్చె, రవ్వ పడతాయి. కానీ చేపల్లో హీరో మాత్రం కొర్రమీనే. మన తెలంగాణ రాష్ట్ర చేప కదా! నీళ్లలోంచి తీసినా గాలి పీల్చుకుంటూ చాలాసేపు బతుకుతుంది. అందుకే ప్రాణంతోనే తెచ్చి అమ్ముతారు. ముళ్లు తక్కువ. ధరంటారా, అదీ హీరోగారి పారితోషికమే!

"తాజాదేనా?" అన్నాడు మావాడు.

"గంపల ఎగురుతాంది సారు, ఇంకేం తాజా గావాలె!" అన్నాడు హోటలాయన.

చింతపులుసు, కాల్చి నూరిన ఉల్లిగడ్డ, మెంతిపొడి... మొదటి ముద్దకే మావాడు మాటలు మానేశాడు. మూడో ముద్దకు అడిగాడు: "మీ అమ్మగారు బస్సులో పంపేవారే, ఆ పులుసూ ఇలాగే ఉండేదా?"

నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆ పులుసు నేనెప్పుడూ తినలేదు. గదిలో నవ్వుతారని, వాసనంటారని, ఎవరూ చూడకుండా పారబోసేవాణ్ణి. "చాలా బాగుందమ్మా" అని ఉత్తరం రాసేవాణ్ణి.

ఆ రోజుల్లో నా మాటనూ అలాగే దాచుకున్నాను. సినిమాల్లో మా యాస ఎక్కువగా రౌడీకో కమెడియన్‌కో దక్కేది. హాలంతా నవ్వేది, వాళ్లతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. 'ఫిదా' (2017)లో హీరోయినే ఆ మాట మాట్లాడింది. 'బలగం' (2023)లో నల్లిబొక్క కోసం అలిగి ఏళ్లకేళ్లు దూరమైన బావాబావమరుదులు తెరకెక్కారు. ఈసారి నవ్వులూ మావే, ఏడుపులూ మావే.

పులుసు పార్సిలు కట్టించుకుని ఇంటికెళ్లాను. అమ్మ ముందు పెట్టి ఇన్నేళ్ల గుట్టు విప్పాను. అమ్మ ముల్లు ఏరుకుంటూనే అంది:

"నాకు అప్పుడే ఎరుకైంది బిడ్డా. తిన్న పోరడు ఎన్నడన్న డబ్బా తోముతడా? నువ్వేమో తళతళ తోమి పంపిస్తివి."

"ఎరుకై కూడ మల్ల ఎందుకు పంపినవే?"

"ఇయ్యాల కాకుంటే రేపన్న తింటవని."

మీ సంచిలోనూ అలాంటి డబ్బా ఒకటి ఉందా మిత్రులారా? మూత తీసి నలుగురి మధ్య పెట్టండి. నవ్వేవాడికే ముందు ఒక ముక్క వడ్డించండి.

వచ్చేవారం కలుద్దాం.