యుద్ధంలో పాటెందుకు?



"బాంబులు పడుతుంటే ఫిడేళ్ళు వాయించడమేమిటన్నా?" అని మా రూమ్మేటు అడిగాడు. ఉక్రెయిన్ అంటే మనకు 2022లో చదువు మధ్యలో తిరిగొచ్చిన మన మెడిసిన్ విద్యార్థులే గుర్తొస్తారు. అక్కడి సంగీతం గురించి నేనూ పీజీకి వచ్చాకే తెలుసుకున్నాను.

2021 జూలైలో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఒక వ్యాసం రాశారు. రష్యన్లు, ఉక్రెయిన్ వాళ్ళు ఒకే జాతి అన్నది దాని సారాంశం. ఏడు నెలలకే సైన్యం వచ్చింది. "మీకంటూ వేరే ఏమీ లేదు" అనేవాళ్ళకు తుపాకీ ఒక్కటే జవాబు కాదు. 2022 జూలైలో ఉక్రెయిన్ వాద్యకారులు 75 మంది ఒక ఆర్కెస్ట్రాగా కూడారు. సైన్యంలో చేరే వయసున్న మగవాళ్ళు దేశం దాటడానికి ప్రభుత్వమే ప్రత్యేక అనుమతి ఇచ్చింది. వార్సాలో మొదలుపెట్టి లండన్‌లోనూ వాయించారు. ఆ కచేరీల్లో వాలెంతిన్ సిల్వెస్ట్రోవ్ ఏడవ సింఫనీ ఉంది. 1937లో కీవ్‌లో పుట్టిన ఆ స్వరకర్త, యుద్ధం వల్ల 84 ఏళ్ళ వయసులో ఊరు విడిచి బెర్లిన్ చేరారు.

ఖెర్సన్‌లో కండక్టర్ యూరీ కెర్పాటెంకో ఆక్రమణదారుల కచేరీలో పాల్గొననన్నారు. రష్యా సైనికులు ఆయనను ఇంట్లోనే కాల్చి చంపారని ఉక్రెయిన్ సాంస్కృతిక శాఖ 2022 అక్టోబరులో ప్రకటించింది. పాట ఉత్త కాలక్షేపమే అయితే ప్రాణాల మీదికి ఎందుకొస్తుంది?

2022 మార్చిలో వేల్స్‌లోని కార్డిఫ్‌లో, సంగీతం వృత్తి కాని వాళ్ళు నడుపుకునే ఒక ఆర్కెస్ట్రా, రష్యా విజయాన్ని కీర్తించే చైకోవ్‌స్కీ '1812' కృతిని కార్యక్రమం నుంచి తీసేసింది. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ ఒకరి పాట తీసేయడం కంటే, ఇన్నాళ్ళూ వినబడని వాళ్ళ పాటను చేర్చడమే మేలని నా అభిప్రాయం. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధన చేసే మామూలు మనుషులు సిల్వెస్ట్రోవ్‌ను వాయిస్తే, ఆ హాల్లో కూర్చున్నవాళ్ళు "ఉక్రెయిన్‌కు సంగీతం లేదు" అని ఇక అనలేరు.

ఈ మాట నాకు ఎందుకు తగిలిందో చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. మా నాన్న డప్పు కొడితే ఊరు ఊరంతా కదిలేది. ఇంటర్‌లో ఉండగా వార్షికోత్సవానికి డప్పు తెస్తానంటే, "స్టేజీ మీద అది బాగుండదురా" అన్నారొకరు. నేను తలొంచుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఈనాటికీ నన్ను బాధిస్తోంది.

సంగీతం బాంబుల్ని ఆపదు. నిజమే. కానీ "మీరు లేరు" అనేవాడి ముందు "ఉన్నాం" అని వినిపిస్తుంది. తమ్ముళ్ళూ, ఈ ఏడు మన స్టేజీ మీద సినిమా పాటలతోపాటు డప్పు కూడా మోగాలి. నాన్నను నేనే తీసుకొస్తాను.