నాగలి వదిలాం, ఈ పట్టు వదల్లేమా?

ఆడపిల్లకు భూమిలో వాటా అనగానే మనలో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "అది మన ఆనవాయితీ కాదు." ఈ మాట ఎంతవరకు నిజమో మనమే తేల్చుకుందాం.

మనం మార్పును ఒప్పుకోనివాళ్లమేమీ కాదు. తాతలనాటి నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. కొడవలి పోయి కోత మిషన్ వచ్చింది. బీటీ పత్తికి 2002లో అనుమతి వస్తే, పదేళ్లు తిరిగేసరికి మన పత్తి చేలు దాదాపుగా దానితోనే నిండాయి. అప్పుడెవరూ ఆనవాయితీని అడ్డం పెట్టలేదు.

పాతదాన్ని పట్టుకోవడం తెలివితక్కువతనం అనడం లేదు. వాన, ధర, అప్పు ఏవీ మన చేతిలో లేనప్పుడు తెలిసిన దారే ధైర్యమిస్తుంది. ఉన్న రెండెకరాలూ ముక్కలవుతాయన్న భయమూ నిజమే. కానీ నలుగురు కొడుకులు పంచుకున్నా ముక్కలయ్యేది ఆ భూమే కదా! అక్కచెల్లెళ్ల వంతు వచ్చేసరికే ఆనవాయితీ గుర్తొస్తోందంటే, మనం కాపాడుకుంటున్నది మన పెత్తనాన్నే. పైగా పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు పొలం ఇవ్వడమూ మన పెద్దల ఆనవాయితీయే. దాన్ని మాత్రం మరిచిపోయాం.

చట్టం ఎప్పుడో ముందుకు నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే సవరణ తెచ్చి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చారు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు కల్పించింది. అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నాట్లు, కలుపు, పత్తితీత ఆడవాళ్లవి. పాస్‌పుస్తకంలో పేరు మగవాళ్లది. దీనివల్ల నష్టపోయేదీ మన ఇళ్లే. తెలంగాణలో 2018లో మొదలైన 5 లక్షల రైతుబీమా పట్టా ఉన్నవారికే. చేనులో పాము కరిచి చనిపోయిన తల్లి పేరిట సెంటు భూమి లేకపోతే ఆమె లెక్కకు రైతే కాదు.

మార్పు మన సంఘం నుంచే మొదలుకావాలి. సభ్యత్వ రసీదు ఇంటి పెద్ద పేరుతో సరిపెట్టకుండా, సాగుచేసే ప్రతి మహిళకూ విడిగా రాయాలి. వాటా వదులుకున్నట్టు అక్కచెల్లెళ్ల చేత రాయించే కాగితాలపై మన సభ్యులెవరూ సాక్షి సంతకం పెట్టకూడదు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ రెండింటిపై తీర్మానం చేద్దాం. ఆ సమావేశాలకు మన ఇంటి ఆడవాళ్లను కూడా తీసుకొద్దాం.