పిల్లలకు వేసే సిరంజి పెద్దలకెందుకు రాదు?



బుధవారమో శనివారమో మీ ఊళ్లో టీకాలు వేసే చోట కాసేపు నిలబడి చూడండి. ఏఎన్ఎం గారు ప్యాకెట్ చింపి సన్నపాటి సిరంజి ఒకటి తీస్తారు. దాన్ని ఏడీ సిరంజి అంటారు, అంటే ఆటో డిజేబుల్. మందు సరిగ్గా అర మిల్లీలీటరు దగ్గర ఆగుతుంది. బిడ్డ తొడకు గుచ్చి పిస్టన్ చివరిదాకా నొక్కగానే అది లోపల బిగుసుకుపోతుంది. వెనక్కి లాగితే రాదు, మొండికేసి లాగితే విరిగి చేతికొస్తుంది. ఆ వెంటనే హబ్ కట్టర్‌లో పెట్టి సూదిని మొదలంటా కత్తిరించేస్తారు. అదే సిరంజి ఇంకో బిడ్డకు వాడదామని ఎవరికైనా బుద్ధి పుట్టినా కుదరదు. వేసేవాళ్లు మంచివాళ్లా కాదా, అలసిపోయారా, తొందరలో ఉన్నారా అన్న ప్రశ్నే లేదు. సిరంజే ఒప్పుకోదు.

ఆ సాయంత్రమే ఆ బిడ్డ నాయనమ్మ మోకాళ్లు లాగుతున్నాయని సూది వేయించుకోడానికి పోతుంది. అక్కడ ట్రేలో ఏ సిరంజి ఉందో, అది ఎప్పుడు విప్పిందో ఆమెకు తెలియదు. అడగడానికి మొహమాటం. పిల్లకు అక్కరకొచ్చిన ఆ జాగ్రత్త నాయనమ్మకెందుకు అక్కర్లేదు? ఈ కరపత్రం అడిగేది అంతే.

టీకాలకు ఏడీ సిరంజిలు వాడడంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరుసలో నిలిచింది. 2005 నుంచి దేశమంతా టీకాల కార్యక్రమం అదే బాట పట్టింది. బాగానే ఉంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి: ప్రపంచంలో ఏటా వేసే ఇంజెక్షన్లు సుమారు 1,600 కోట్లయితే అందులో టీకాలు నూటికి అయిదు. తొంభై దాకా జ్వరానికో నొప్పికో నీరసానికో వేసే సూదిమందులే. అయిదింటికి తాళం వేసి తొంభైని వేసేవాడి మనస్సాక్షికి వదిలేశాం.

మనస్సాక్షికి వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. 2009లో గుజరాత్‌లోని మొడాసా పట్నంలో హెపటైటిస్ బి ఒక్కసారిగా చెలరేగింది. వందలమందికి కామెర్లొచ్చాయి, 90 మంది దాకా చనిపోయారు. ఆరా తీస్తే తేలింది వాడిన సిరంజిలే మళ్లీ మళ్లీ వాడడం. ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మౌలో 2018లో పదుల మందికి హెచ్ఐవీ బయటపడితే, వేళ్లన్నీ సైకిల్ మీద తిరుగుతూ తక్కువ డబ్బుకు సూది వేసే ఒక మనిషి వైపు చూపించాయి. బయటి దేశాల్లోనూ ఇదే కథ. కంబోడియాలోని రోకా అనే పల్లెలో 2014లో రెండు వందల మందికి పైగా హెచ్ఐవీ అంటింది. ఊరంతా దేవుడిలా చూసుకున్న లైసెన్సు లేని వైద్యుడికి 25 ఏళ్ల జైలు పడింది. 2019లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రం రతోదేరోలో వందలమంది చిన్నపిల్లలు హెచ్ఐవీ పాలయ్యారు. ఆ తల్లులు బిడ్డల్ని తీసుకెళ్లింది జ్వరానికి మందు కోసం.

ఇవన్నీ ఎక్కడెక్కడివో, మన దగ్గర లేవు అంటారేమో. మన దగ్గర బయటపడలేదు అనండి, ఒప్పుకుంటాం. హెపటైటిస్ బి, సి ఒంట్లో చేరిన రోజున ఏమీ తెలియదు. పదేళ్లకో ఇరవై ఏళ్లకో పొట్టలో నీరు చేరి, కాలేయం గట్టిపడ్డాక ఆస్పత్రికి పోతే, అది ఏ సూదితో వచ్చిందో చెప్పగలిగేదెవరు? తాగుడు వల్లే అనేసి ఊరుకుంటాం. తాగుడు అలవాటు లేని ఆడమనిషైతే కర్మ అంటాం. కామెర్లు కనబడ్డా పసరు పోయించడానికి బస్సెక్కుతాం గానీ రక్తపరీక్షకు పోము.

వైరస్‌లన్నీ ఒక్క తీరున అంటవు. హెచ్ఐవీ రక్తం తగిలిన సూది గుచ్చుకుంటే వెయ్యి మందిలో ముగ్గురికి అంటవచ్చు. హెపటైటిస్ సి అయితే నూటికి ముగ్గురి దాకా. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో, నూటికి ముప్ఫై మంది దాకా. పైగా బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కంటికి ఎర్రగా కనిపించాలనేమీ లేదు. ఎయిడ్స్ అంటే భయపడే మనం దానికంటే వంద రెట్లు తేలిగ్గా అంటేదాని పేరైనా తలవం.

‘మేం సూది మారుస్తున్నాం కదా’ అని చాలామంది నిజాయితీగానే చెబుతారు. పాత సిరంజికి కొత్త సూది తగిలిస్తే అది కొత్త సిరంజి కాదు. గుచ్చి తీసేటప్పుడు కంటికి ఆననంత రక్తం గొట్టంలోకి లాక్కుంటుంది. సెలైన్ పైపులోకే ఎక్కించాం, ఒంటికి తగల్లేదు అనేది ఇంకో మాట. ఆ పైపు నరంలోనే ఉంది. అన్నిటికంటే కనబడని దారి మందు సీసా. పదిమందికి సరిపోయే సీసా రబ్బరు మూతకు ఒక సూది గుచ్చి అలాగే వదిలేస్తారు, ఎవరికి కావాలంటే వాళ్లకు దాన్నుంచే లాగుతారు. వాడిన సిరంజితో ఒక్కసారి అందులోంచి తీస్తే చాలు, తర్వాతివాళ్లందరికీ కొత్త సిరంజిలు వాడినా ఏం లాభం?

వార్డుల్లో ఇంకో అలవాటుంది. పొద్దున వేసిన సిరంజినే మూత పెట్టి, అదే రోగికి కదా అని సాయంత్రానికి దిండు పక్కన దాస్తారు. పక్క మంచానికీ అదే మందు, అదే సైజు సిరంజి. రాత్రి డ్యూటీలో నలభై మంది రోగులకు ఒక్క నర్సు ఉన్నచోట ఏది ఎవరిదో తేల్చేదెవరు? సిరంజిలు అయిపోయాయి, బయట కొనుక్కు రండి అని చీటీ రాసిచ్చే ఆస్పత్రిలో, నాలుగు తేవాల్సిన పేదవాడు రెండే తెస్తాడు. తప్పు నర్సమ్మది అని తీర్పు చెప్పేముందు ఆ చీటీ కూడా చదవాలి.

ఇక మన వంతు తప్పు. సూది వేయని డాక్టరు డాక్టరే కాదని మనకో నమ్మకం. బిళ్లలిచ్చి పంపితే ‘ఏముంది, ఊరికే రాసిచ్చాడు’ అంటాం. ఫలానా ఆయన హస్తవాసి మంచిది, ఒక్క సూదికే లేచి కూర్చున్నా అంటాం. ఆ ఒక్క సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సా అనే స్టెరాయిడ్, లేదా నొప్పి మందు, లేదా ఎర్రటి బి12. నీరసమని వెళ్తే విటమిన్ కలిపిన పచ్చ సెలైన్. అరలీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. గ్లూకోజు బాటిలైతే 25 గ్రాముల చక్కెర, దాని బలం రెండు ఇడ్లీల పాటి. నోటితో తాగగలిగిన మనిషి దాన్ని నరంలోకి ఎక్కించుకుని వందలు కడుతున్నాడు. విరేచనాలతో సొమ్మసిల్లినవాడి సంగతి వేరు, అతనికి అది ప్రాణం.

ఆర్ఎంపీలను తిట్టి చేతులు దులుపుకోవడం మాకిష్టం లేదు. అర్ధరాత్రి పిల్లాడికి ఫిట్స్ వస్తే ఇంటికి వచ్చేది ఆయనే, పెద్దాస్పత్రి కాదు. కానీ ఆయన బతుకుతెరువు సూది మీద నడుస్తోంది. సలహాకు ఎవరూ పైసా ఇవ్వరు, బిళ్లకు మిగిలేదేమీ లేదు, సూదికైతే అడక్కుండా ఇస్తారు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో కమ్యూనిటీ పారామెడిక్ పేరుతో శిక్షణ ఇద్దామని మొదలుపెట్టారు, అది గట్టెక్కలేదు. ఇటు శిక్షణా లేదు, అటు నిఘా లేదు. ఎన్నికలప్పుడు హామీలు, ఆ తర్వాత అప్పుడప్పుడూ దాడులు. ఈ రెంటివల్లా ఒక్క పాత సిరంజి కూడా చెత్తబుట్టలో పడలేదు.

సూది బాధితులు రోగులే కాదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకున్న స్టాఫ్ నర్సులు ప్రతి ఆస్పత్రిలోనూ ఉంటారు. నల్ల సంచిలో పడేసిన సూది గుచ్చుకునేది ఊడ్చే ఆయమ్మకు. ఆమె కాంట్రాక్టు మనిషి కాబట్టి హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడిగే దిక్కుండదు. ఆరు నెలల్లో మూడు డోసులు, అంతే ఖర్చు. సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా 72 గంటల్లోపు, వీలైతే గంటల్లోనే మందు మొదలుపెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పరు. సూదుల్ని గుచ్చుకుపోని గట్టి డబ్బాలో వేయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మీ ఊరి క్లినిక్ వెనక్కి వెళ్లి చూడండి, ఆ డబ్బా ఉందో లేదో.

మేం కోరేది కొత్త వింత కాదు. చికిత్సకు వాడే రెండు, అయిదు మిల్లీలీటర్ల సైజుల్లో కూడా, ఒక్కసారి వాడాక పనికిరాకుండా పోయే సిరంజిలు ఉన్నాయి. వాటికే మారమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పి, 2020ని గడువుగా పెట్టింది. గడువు ఎప్పుడో దాటింది. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య మౌలిక సదుపాయాల సంస్థలు ఇకపై అలాంటివే కొనాలి. పీహెచ్‌సీ నుంచి బోధనాస్పత్రి దాకా మామూలు సిరంజి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ప్రైవేటు నర్సింగ్ హోములకు రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు దీన్ని షరతుగా పెట్టాలి. మందుల షాపుల్లో మామూలు సిరంజి అమ్మకమే ఆపితే ఆర్ఎంపీ చేతికీ ఒకసారికే పనికొచ్చే సిరంజే చేరుతుంది. దానికి ఏ దాడీ అక్కర్లేదు.

ఖర్చెక్కువ అంటారు. సిరంజి ఏ రకమైనా టీ ఖరీదును మించదు. తేడా ఒకటి రెండు రూపాయలు. అవతల లివర్ మార్పిడికయ్యే లక్షలు ఆరోగ్యశ్రీ మోస్తుందా, ఇల్లమ్ముకుని మనం మోస్తామా అన్నది వేరే సంగతి, ఎవరో ఒకరు మోయాల్సిందే. అన్ని సిరంజిలు ఎక్కడ దొరుకుతాయి అంటారు. 2022 జూలై నాటికి ఈ దేశం 200 కోట్ల కోవిడ్ టీకా డోసులు వేసింది, ఎక్కువగా ఏడీ సిరంజిలతోనే. అందులో ఎక్కువభాగం పెద్దవాళ్ల చేతులకు పడినవే. అప్పుడు దొరికినవి ఇప్పుడు దొరకవంటే నమ్మడం కష్టం.

ప్రభుత్వం కదిలేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. సూది అనగానే ముందు ‘బిళ్లతో తగ్గదా?’ అని అడగండి. తప్పదంటే ‘ప్యాకెట్ నా ముందే విప్పండి’ అనండి. ఇందులో అవమానమేమీ లేదు, మంచి డాక్టరు సంతోషిస్తాడు. వాడిన సిరంజిని ఇంటికి తెచ్చి పిల్లలకు ఆటకివ్వకండి. గతంలో సూదులు, సెలైన్లు, రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఒక్కసారి హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. సి ఉందని తేలినా భయపడొద్దు, చాలామందికి మూడు నెలల బిళ్లలతో నయమవుతుంది. బి లేదని తేలితే టీకా వేయించుకోండి.

వచ్చే గ్రామసభలో ఒక్క తీర్మానం పెట్టించండి: మా ఊళ్లో ఎవరు ఎవరికి సూది వేసినా, ఒకసారికే పనికొచ్చే సిరంజితోనే వేయాలి. సర్పంచ్ సంతకంతో దాన్ని జిల్లా వైద్యాధికారికి పంపండి, నకలు మీ ఎమ్మెల్యేకివ్వండి. జవాబు రాకపోతే తర్వాతి సభలో మళ్లీ పెట్టండి.